రెండు జాబితాల మధ్య స్త్రీలు

(నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పింఛన్లు, రేషన్, ఉపాధి పని సమస్యల మీద పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట కంప్యూటర్ ఫార్ములా మీద ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఎవరో ఒక ముసలమ్మను, భర్త వదిలేసిన ఒక స్త్రీని వెంటబెట్టుకుని ఎంపీడీవో ఆఫీసుకో తహసీల్దారు ఆఫీసుకో తిరుగుతూనే ఉంటారు. అక్కడ తరచుగా వినబడే జవాబు ఒకటుంది: "సిస్టంల చూపిస్తలేదమ్మా." ఆ మాట విన్నాక ఏం మాట్లాడాలో తోచక వెనక్కి వస్తాం. గుమాస్తాను నిలదీయడం మనకు వచ్చు, సర్పంచ్‌ను అడగడం వచ్చు. సిస్టంను ఏమని అడగాలి? అడగాలంటే ముందు అది ఎలా చూస్తుందో తెలియాలి. ఈ రోజు నేను చెప్పబోయేది అదే.

ఇవాళ ఏ పథకమైనా జాబితాలతోనే నడుస్తోంది. పింఛన్లకు ఒక జాబితా, రేషన్ కార్డులకు ఒకటి, జాబ్ కార్డులకు ఒకటి, పట్టాదారులకు ఒకటి, వాహనాల రిజిస్ట్రేషన్లకు ఒకటి, జనన మరణాలకు ఒకటి. ఒక స్త్రీకి బియ్యం వస్తాయా రావా అన్నది ఏదో ఒక జాబితాలో ఆమె పేరు ఉండడంతోనే తేలిపోదు. ఒక జాబితాలోని ఆమెను ఇంకో జాబితాలోని ఆమెతో జతపరచినప్పుడు ఏమయింది అన్నదాని మీద అది ఆధారపడుతుంది. అందుకే ఈ జతపరచడం గురించి మాట్లాడుకోవాలి.

మస్టరు చదివినట్టే

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడతకు ఎంపికైన 13 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. తర్వాత జరిగిన సామాజిక తనిఖీల్లో పాల్గొన్నవాళ్ళకు ఆ పద్ధతి బాగా తెలుసు. గ్రామసభలో ఒకరు మస్టరు చేతపట్టుకుని పేరు, పనిచేసిన దినాలు చదువుతారు. ఆ పేరు గలామె లేచి తన పాస్‌బుక్కులో ఎంత పడిందో చెబుతుంది. రెండూ కలిశాయా లేదా సభ చూస్తుంది. మస్టరు ఒక పట్టిక, పాస్‌బుక్కులు ఇంకో పట్టిక. ఎక్సెల్‌లో 'వీలుకప్' అనే ఫార్ములా చేసేది కూడా ఇదే పని.

ఆ ఫార్ములాకు మనం నాలుగు సంగతులు చెప్పాలి. ఒకటి, దేన్ని పట్టుకుని వెతకాలి. రెండు, ఏ పట్టికలో వెతకాలి. మూడు, దొరికితే ఆ అడ్డవరుసలో ఎన్నో గడిలో ఉన్నది తెచ్చి చూపాలి. నాలుగు, అచ్చంగా కలవాలా, దగ్గరగా ఉంటే చాలా. ఇవి చెప్పాక అది రెండో పట్టికలో మొదటి నిలువు వరుసను వెతుకుతుంది. కలిసిన చోట ఆగి, అడిగిన గడిలోది తెచ్చి ఇస్తుంది. ఇలాంటి వెతుకులాట 1979లో వచ్చిన విసికాల్క్ అనే తొలి స్ప్రెడ్‌షీటు నుంచీ ఉంది. ఇందులో మాయేమీ లేదు. పదో తరగతి చదివిన అమ్మాయి ఒక పూటలో నేర్చుకోగలదు.

అయితే గ్రామసభకూ ఫార్ములాకూ పెద్ద తేడా ఉంది. మస్టరులో పేరు తప్పుగా పడితే సభలో నలుగురు లేచి, "అది మా ఎల్లమ్మనే, తల్లిగారింటి పేరు రాసిండ్రు" అంటారు. ఫార్ములాకు ఇరుగుపొరుగు లేరు. దాని ముందున్నవి అక్షరాలూ అంకెలూ మాత్రమే.

పేరు ఎవరిది, ఇంటిపేరు ఎవరిది

మనం దేన్ని పట్టుకుని వెతుకుతున్నామో దాన్ని కంప్యూటర్ వాళ్ళు 'కీ' అంటారు. మంచి 'కీ'కి మూడు లక్షణాలు ఉండాలి. అది ఒక్కరికే చెందాలి, రెండు పట్టికల్లోనూ ఒకే తీరుగా ఉండాలి, కాలంతో మారకూడదు. ఇప్పుడు స్త్రీల పేర్లను ఈ మూడింటి ముందు పెట్టి చూడండి.

మగవాడి ఇంటిపేరు పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఒకటే. స్త్రీకి తల్లిగారింట్లో ఒక ఇంటిపేరు, అత్తగారింట్లో ఇంకొకటి. బడి రికార్డుల్లో తండ్రి పేరు, రేషన్ కార్డులో భర్త పేరు, భర్త పోయాక కొన్ని కాగితాల్లో కొడుకు పేరు. కొన్ని ఇళ్ళల్లో పెళ్ళయ్యాక అసలు పేరే మార్చేస్తారు. ఆమె ఎవరో చెప్పే గడి ఆమె చుట్టూ ఉన్న మగవాళ్ళను బట్టి మారుతూ పోతుంది. పితృస్వామ్యం గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. అది కంప్యూటర్ పట్టికలో ఒక నిలువు వరుస రూపంలో ఎలా కూర్చుందో గమనించండి. పేరు, ఇంటిపేరు, సంబంధీకుని పేరు కలిపి జత కుదిర్చే ఏ పద్ధతిలోనైనా మగవాళ్ళ కంటే స్త్రీలే ఎక్కువగా జారిపోయే అవకాశం ఉంది.

దీనికి రాతలోని తేడాలు తోడవుతాయి. మనం పలికేది ఒకటే 'లక్ష్మమ్మ'. ఇంగ్లీషులో ఒక ఆపరేటర్ 'ఎక్స్' అక్షరం పెట్టి రాస్తాడు, ఇంకొకరు 'కె, ఎస్, హెచ్' పెట్టి రాస్తారు. ఒకచోట చివర 'అమ్మ' ఉంటుంది, ఒకచోట ఎగిరిపోతుంది. దేవరకొండ వైపు తండాల్లో అయితే 'బాయి' ఒక కాగితంలో ఉండి ఇంకో కాగితంలో ఉండదు. ఇంగ్లీషులో పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడాను వీలుకప్ పట్టించుకోదు. పేరు చివర కంటికి కనబడని ఒక ఖాళీ పడినా మాత్రం కలవలేదనే చెబుతుంది. అంతెందుకు, మన జిల్లా పేరునే కొందరు 'నల్లగొండ' అనీ కొందరు 'నల్గొండ' అనీ రాస్తారు. ఫార్ములాకు అవి రెండు వేరు వేరు జిల్లాలు.

ఊళ్ళు కదలకపోయినా జాబితాలు కదులుతాయి. ఆసరా పింఛన్లను 2014 నవంబరు 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ప్రారంభించారు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు కొత్తూరు రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట జిల్లాలు వచ్చాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పాత జాబితాలో 'మహబూబ్‌నగర్, కొత్తూరు' అనీ కొత్త జాబితాలో 'రంగారెడ్డి, కొత్తూరు' అనీ ఉంటే, జిల్లా పేరు కలిపి వెతికే ఫార్ములాకు పింఛను మొదలైన ఊరే దొరకదు.

నంబర్లయితే చిక్కు ఉండదనుకుంటారు

పేర్లతో ఇంత గొడవ ఉంది కాబట్టి నంబరు పెట్టుకుంటే సరిపోతుందని అంటారు. కొంతవరకు నిజమే. కానీ నంబర్లకూ వాటి చిక్కులు వాటికున్నాయి. ఒక పట్టికలో నంబరును అంకెగా, ఇంకో పట్టికలో అదే నంబరును అక్షరాల మాదిరిగా దాచి ఉంటే కంటికి రెండూ ఒకటే, ఫార్ములాకు వేరు. ముందు సున్నా ఉన్న నంబరును అంకెగా కొడితే సున్నా పోతుంది. ఎక్సెల్ ఏ అంకెనైనా 15 స్థానాల వరకే గుర్తుంచుకుంటుంది. అంతకంటే పొడవైన కార్డు నంబరును అంకెగా ఎక్కిస్తే చివరి అంకెలన్నీ సున్నాలైపోతాయి. అప్పుడు పక్కపక్క ఇళ్ళ కార్డులన్నిటికీ ఒకే నంబరు కనిపిస్తుంది. చూసేవాళ్ళు ఇవి డూప్లికేట్ కార్డులని తీర్మానించే ప్రమాదం ఉంది. అందుకే కార్డు నంబర్ల గడిని నింపక ముందే 'టెక్స్ట్'గా మార్చుకోవాలి.

దగ్గరగా ఉంటే చాలునన్నప్పుడు

నాలుగో సంగతి గురించి చెప్పాను కదా, అచ్చంగా కలవాలా, దగ్గరగా ఉంటే చాలా అని. ఆ నాలుగోది చెప్పకుండా వదిలేస్తే వీలుకప్ దగ్గరగా ఉంటే చాలుననే అనుకుంటుంది. దీనికీ ఒక ఉపయోగం ఉంది. 0 దగ్గర 'పిల్లలు', 18 దగ్గర 'పెద్దలు', 60 దగ్గర 'వృద్ధులు' అని క్రమంలో రాసి, 40 ఏళ్ళ మనిషి ఏ తరగతి అని అడిగితే, 40కి మించని వాటిలో పెద్దదైన 18ని పట్టుకుని 'పెద్దలు' అని చెబుతుంది. వయసులకు, కొలతలకు ఇది సరైనదే. పేర్లకు, కార్డు నంబర్లకు ఇదే పద్ధతి వాడితే పక్కవాళ్ళ వరుస తెచ్చి మన ముందు పెడుతుంది. పొరపాటు జరిగిందన్న సూచన కూడా ఇవ్వదు. దొరకలేదని చెబితే కనీసం మనకు అనుమానం వస్తుంది. తప్పు మనిషిని తెచ్చి చూపిస్తే అనుమానం కూడా రాదు. 2019లో వచ్చిన 'ఎక్స్‌లుకప్'లో ఇది మార్చారు. అది మనం వేరేగా చెబితే తప్ప అచ్చంగా కలిసినదాన్నే ఇస్తుంది.

ఇంకొక లక్షణం. మనం వేరేగా చెప్పకపోతే ఈ రెండు ఫార్ములాలూ అచ్చంగా కలిసిన మొదటిదాని దగ్గర ఆగిపోతాయి. ఒక తండాలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవాళ్ళు నలుగురు ఉన్నారనుకుందాం. ఫార్ములా నలుగురికీ మొదటామె వివరాలే తెచ్చి పెడుతుంది. మొదటామె చనిపోయి ఉంటే? మిగిలిన ముగ్గురూ కాగితం మీద చనిపోతారు. ఒక కూలీకి ఆరు వారాల్లో ఆరుసార్లు డబ్బు పడితే మొదటి వారం డబ్బే చూపుతుంది. కాబట్టి జతపరచడానికి ముందు 'కౌంట్‌ఇఫ్' అనే ఫార్ములాతో ఒక పేరు లేదా నంబరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కబెట్టాలి. ఒకటి కంటే ఎక్కువ వచ్చిందంటే ఆ 'కీ' పనికిరాదు.

దొరకలేదు అన్నదాని అర్థం

కలిసేది కనబడకపోతే ఎక్సెల్ ఆ గడిలో ఒక గుర్తు పెడుతుంది: పౌండ్ గుర్తు, ఎన్, గీత, ఏ. దాని అర్థం ఒక్కటే: నువ్వు చెప్పిన తీరులో, నువ్వు చూపిన పట్టికలో నాకు కనబడలేదు. అంతకుమించి ఆ ఫార్ములాకు ఏమీ తెలియదు. ఆ మనిషి లేదని గానీ, అర్హురాలు కాదని గానీ, బోగస్ అని గానీ అది చెప్పలేదు. ఆ మాటలన్నీ దాన్ని చూసిన మనుషులు చేర్చేవి.

ఆ గుర్తు చూడ్డానికి బాగుండదని చాలామంది 'ఇఫ్‌ఎర్రర్' అనే ఇంకో ఫార్ములాతో దాని స్థానంలో సున్నా వచ్చేట్టు చేస్తారు. రిపోర్టు శుభ్రంగా ఉంటుంది. కానీ 'ఈమె కూలి వివరాలు దొరకలేదు' అన్నది 'ఈమెకు రావలసిన కూలి సున్నా' అయిపోతుంది. మన సంస్థల్లో రిపోర్టులు తయారుచేసే వాళ్ళను కూడా కోరుతున్నాను, ఈ పని చేయకండి. 'దొరకలేదు' అనే రాయండి. ఆ మాట ఉన్న ప్రతి గడీ ఎవరో ఒకరు వెళ్ళి చూడవలసిన ఇల్లు.

పెద్ద జాబితాలు కలిసినప్పుడు

మన రాష్ట్రంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. ఆ రోజు ఊళ్ళో లేకపోతే లెక్కలో ఉండమేమోనన్న భయంతో పాలమూరు వలస కూలీలు ముంబై నుంచీ పుణె నుంచీ బస్సుల్లో కిక్కిరిసి వచ్చారు. జాబితాలో లేకపోవడమంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ తర్వాత ప్రభుత్వం 'సమగ్ర వేదిక' పేరుతో అనేక శాఖల జాబితాలను కలిపి ఒక్కో మనిషి, ఒక్కో కుటుంబం చిత్రం తయారుచేసే వ్యవస్థను తెచ్చింది. అది ఎక్సెల్ ఫార్ములా కంటే చాలా పెద్దది. పేరు, చిరునామా వంటివి కొంత తేడాగా ఉన్నా ఇద్దరూ ఒకరేనా అని అంచనా వేస్తుంది. కానీ మనం ఇప్పటిదాకా చెప్పుకున్న చిక్కులన్నీ దానికీ వర్తిస్తాయి. దగ్గరగా ఉంటే చాలునన్న పద్ధతికి ఉన్న ప్రమాదం మరీ ఎక్కువగా వర్తిస్తుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనను అలాంటి పేరే ఉన్న ఒక కారు యజమానితో జతకలిపి, ఆ కుటుంబానికి రేషన్ నిరాకరించిన సంగతి పత్రికల్లో వచ్చింది.

కార్డుల రద్దు మీద సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకు వెళ్ళారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. ఆ తర్వాత పరిశీలించిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలినట్టు 2024లో పత్రికా పరిశోధన బయటపెట్టింది. వంద దరఖాస్తుల్లో ఏడుకు పైగా అన్నమాట. ఇందులో స్త్రీల పరంగా గమనించవలసింది ఒకటుంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంట్లో 18 ఏళ్ళు దాటిన స్త్రీలలో పెద్దామెనే కార్డుకు యజమానురాలు. ఇది మనకు దక్కిన మంచి హక్కు. కానీ కారు, భూమి, ఉద్యోగం జాబితాల్లో పేర్లు ఎక్కువగా మగవాళ్ళవి. ఎవరో ఒక మగవాడి పేరుతో తప్పుగా జతకలిసినా రద్దయ్యేది స్త్రీ పేరున ఉన్న కార్డు. ఆఫీసుల చుట్టూ తిరగవలసింది కూడా ఆమే.

ఉపాధి పనిలోనూ ఇదే చూశాం. కూలీల ఖాతాలను ఆధార్‌తో జతపరచే ఒత్తిడి పెరిగిన కాలంలో, పార్లమెంటులో కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారం తెలంగాణలో 2021-22లో 61 వేల మంది కూలీల పేర్లు తొలగిస్తే, 2022-23లో 17 లక్షల 32 వేల మందివి తొలగించారు. నకిలీ కార్డులు, వలసపోవడం, పని కోరకపోవడం, చనిపోవడం వంటి కారణాలు చెప్పారు. వీటిలో ప్రతి ఒక్కటీ ఇంటికి వెళ్ళి తెలుసుకోవలసిన విషయం.

ఏ దిక్కు నుంచి వెతుకుతున్నాం

ఇది నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. లుకప్‌కు ఒక దిక్కు ఉంటుంది. పింఛను తీసుకుంటున్నవాళ్ళ జాబితా ముందు పెట్టుకుని మరణాల రిజిస్టరులో వెతికితే, చనిపోయినా పింఛను నడుస్తున్నవాళ్ళు బయటపడతారు. ఊళ్ళో భర్త చనిపోయిన స్త్రీల జాబితా ముందు పెట్టుకుని పింఛన్ల జాబితాలో వెతికితే, అర్హత ఉండీ పింఛను రానివాళ్ళు బయటపడతారు. ఫార్ములా అదే, కష్టం అంతే. మొదటి దిక్కున వెతికితే ఖజానాకు డబ్బు మిగులుతుంది, రెండో దిక్కున వెతికితే ఖర్చు పెరుగుతుంది. ప్రభుత్వాలు మొదటిదానికి చూపిన శ్రద్ధ రెండోదానికి చూపలేదు. బోగస్‌ల ఏరివేతకు పెట్టిన యంత్రాంగంలో సగం, వదిలేసినవాళ్ళను వెతకడానికి పెట్టి ఉంటే మనలో చాలామందికి ఈ ఆఫీసుల తిరుగుడు తప్పేది.

రెండు జాబితాల్లోనూ లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. పట్టా లేకుండా కౌలు చేసే స్త్రీ, పిల్లల్ని తీసుకుని గుంపు మేస్త్రీ వెంట పోయిన స్త్రీ, భర్త వదిలేసినా ఇంకా అతని కుటుంబం వరుసలోనే నమోదై ఉన్న స్త్రీ. 2017లో ఒంటరి మహిళలకు పింఛను వచ్చినప్పుడు ఈ చివరి చిక్కు ఎదురయ్యే అవకాశం ఎంతో ఉంది. పాత పట్టికలో వెతికితే ఆమె 'భర్తతో ఉన్నట్టు' కనబడుతుంది కదా! ఇలాంటివాళ్ళను ఏ ఫార్ములా చూపలేదు. గడప గడపకూ వెళ్ళి తయారుచేసిన జాబితాయే చూపుతుంది. అది మనం చేయగలిగిన పని.

మనం చేయవలసింది

మన ఊరి జాబితా మనం రాసుకునేటప్పుడు ప్రతి ఇంటికీ, ప్రతి స్త్రీకీ మన సొంత వరుస నంబరు వేసుకుందాం. ఆమె పిలుపు పేరు, కార్డుల మీద ఉన్నది ఉన్నట్టుగా పేరు, తల్లిగారింటి పేరు, అత్తగారింటి పేరు వేరు వేరు గడుల్లో రాద్దాం. వాడ, తండా పేరు తప్పక రాద్దాం. అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు మీద పనిచేద్దాం. 'ట్రిమ్' అనే ఫార్ములాతో పేర్ల ముందూ వెనకా ఉన్న ఖాళీలు తీసేద్దాం. రెండు దిక్కుల నుంచీ వెతుకుదాం. దొరకని పేర్లన్నీ పట్టుకుని ఇళ్ళకు వెళ్దాం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆధార్ నంబర్లను మన జాబితాల్లో పెట్టుకుని వాట్సాప్‌లో తిప్పకండి. జాబితాలు కలిపే శక్తి మన చేతిలో ఉన్నా ప్రమాదమే. కొట్టే భర్త నుంచి తప్పించుకుని వేరే ఊళ్ళో బతుకుతున్న స్త్రీ కొత్త చిరునామా, ఒక జాబితాను ఇంకో జాబితాతో కలిపితే ఆ భర్త చేతికి చిక్కవచ్చు. కొందరు స్త్రీలకు దొరకకపోవడమే రక్షణ. ఎవరి వివరాలు కలుపుతున్నామో వాళ్ళను అడిగి కలపాలి.

అధికారులను అడగవలసిన ప్రశ్నలు రాసుకోండి. ఏ రెండు జాబితాలను కలిపారు? ఒక్కొక్కటి ఏ తేదీ నాటిది? ఏ గడిని పట్టుకుని జతపరచారు? అచ్చంగా కలిసినవే తీసుకున్నారా, దగ్గరగా ఉన్నవి కూడానా? కలవనివాళ్ళు ఎంతమంది, వాళ్ళను ఏంచేశారు? ఇంటికి ఎవరు వెళ్ళారు, ఏ రోజు వెళ్ళారు? రద్దుకు ముందు నోటీసు ఇచ్చారా? 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం, ఒక నిర్ణయం వల్ల ప్రభావితమైనవాళ్ళకు ఆ నిర్ణయానికి కారణాలు చెప్పవలసిన బాధ్యత అధికారులదే. 'సిస్టంల లేదు' అన్నది కారణం కాదు. జత కుదరలేదని చెప్పడం మాత్రమే. అది ఎందుకు కుదరలేదో చూపవలసిన భారం జాబితా పట్టుకున్నవాళ్ళ మీద ఉండాలి. కూలి మానుకుని, ఆటో కిరాయి పెట్టుకుని మండలానికి వచ్చిన ముసలమ్మ మీద కాదు.

2025 జులైలో కొత్త రేషన్ కార్డుల పంపిణీ సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలోనే మొదలైంది. కొత్త కార్డులంటే కొత్త జాబితాలు, మళ్ళీ జతపరచడాలు. మధ్యాహ్నం భోజనాల తర్వాత కంప్యూటర్ల ముందు కూర్చుని రెండు చిన్న పట్టికలతో మనమే ఒకసారి చేసి చూద్దాం. ఇక్కడి నుంచి వెళ్ళాక ప్రతి సంఘం ఒక్క ఊరు తీసుకుని, ఒంటరి స్త్రీల జాబితా ఇల్లిల్లూ తిరిగి రాసి, పింఛన్ల జాబితాతో కలిపి, దొరకనివాళ్ళ పేర్లు వచ్చే గ్రామసభలో బయటికి చదివిద్దాం. వాళ్ళ అనుమతి తీసుకుని చదివిద్దాం. అక్కడ ఇరుగుపొరుగు ఉంటారు. ఏ లక్ష్మమ్మ ఎవరో వాళ్ళు చెబుతారు.